పైపు తీసేసి చెప్పిన లోతు

ఫిబ్రవరి 2

బీపీ 138/88.

రోజూ బీపీ చూసుకుని రాసుకోమని డాక్టరు ఇచ్చిన పుస్తకం ఇది. పేజీకి ఒక అంకె రాస్తే మిగతా కాగితమంతా దండగ. దండగంటే నాకు ఒళ్ళుమంట. అందుకని మిగతా సంగతులు కూడా రాస్తాను. ఎవరు చూడొచ్చారు? ఆ డాక్టరు నా ముఖమే సరిగ్గా చూడడు, ఇక నా రాత చూస్తాడా?

ఈ రోజు నాలుగో బావికి రిగ్గు నిలబెట్టాం. పేరుకి బావి గానీ జానెడు వెడల్పు గొట్టం. ముప్పై ఏళ్ళు రైతులకి బోర్లు వేసినవాణ్ణి. నీళ్ళు పడగానే ఎగిరి గంతేసేవాళ్ళని చూసినవాణ్ణి. ఇక్కడ నీళ్ళు పడితే ఎవరూ గంతెయ్యరు, సీసాలో పట్టి పరీక్షకి పంపిస్తారు. యురేనియం గనిలో రాయిని పిండి చేసి, కావలసింది తీసుకున్నాక మిగిలిన బురదని ఓ పెద్ద చెరువులో నింపుతారు కదా. ఆ చెరువులోంచి ఏదైనా భూమిలోకి జారి నీళ్ళలో కలుస్తోందా అని చూస్తూ ఉండటానికి ఈ బావులు. ఇంత కష్టపడి బోరు వేసి ఒక్క మొక్కకి కూడా నీళ్ళు పెట్టకపోవటం నేను ఈ పనిలోనే చూశాను.

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. మా రెండో బావి అక్క వీధి చివరే ఉంది. అక్క పెరటి గోడ మీంచి చూస్తే దాని పైపు కనిపిస్తుంది. వెళ్ళగానే ఎప్పటిలాగే చెంబెడు నీళ్ళిచ్చింది. ఇంకో చెంబు అడిగి తాగాను. బావ ఉన్న రోజుల్లో దగ్గరుండి తవ్వించిన బావి అది. ఆ నీళ్ళ ముందు ఏ నీళ్ళూ పనికిరావని అక్క కనిపించినవాళ్ళకల్లా చెబుతుంది. వీధిలో సగం ఇళ్ళవాళ్ళు అక్కడే తోడుకుంటారు.

"మన బావికేం ఫరవాలేదు కదరా?" అంది. ఎప్పుడూ అడిగేదే.

"బాణం అటుంది అక్కా, ఇటు లేదు. నేను కొలిచాను, నేను చెబుతున్నాను" అన్నాను. నేనూ ఎప్పుడూ చెప్పేదే.

బాణమంటే మా మ్యాపు మీది బాణం. మొదటి మూడు బావుల్లో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి, భూమి లోపల నీళ్ళు ఎటు వాలుతున్నాయో గీశారు. చెరువు దగ్గర బయల్దేరి, అక్క వీధికి వీపు తిప్పి, అవతలి బీడు వైపు చూస్తోంది ఆ బాణం. అందుకే నాలుగో బావి బీడులో వేస్తున్నాం.

ఫిబ్రవరి 3

బీపీ 136/86. పద్దెనిమిది మీటర్లు దిగాం. రాయి మహా మొండిది.

ఫిబ్రవరి 5

బీపీ చూసుకోలేదు.

కొత్త జియాలజిస్టు వచ్చింది. మా చిన్నమ్మాయి వయసుంటుంది. రిగ్గు మీటరు దిగినప్పుడల్లా బయటికొచ్చే రాతిపొడిని గుప్పెడు తీసి, వరసగా పోగులు పెట్టి, భూతద్దం కంటికి ఆనించుకుని చూస్తుంది. రోగుల్ని చూసినట్టు ఒక్కో పోగు దగ్గరా తల పంకిస్తుంది. నేను ఆమెకి రాళ్ళ డాక్టరని పేరు పెట్టాను. గంటలో ఆమెకి తెలిసిపోయింది. ఈ క్యాంపులో మాట ఒక్క పూట దాగదు.

"పేరు బాగుందండీ. ఫీజు మాత్రం ఎవరూ ఇవ్వటం లేదు" అంది. మంచిదే.

సాయంత్రం పాత కాగితాలు తిరగేస్తూ అడిగింది. "మేస్త్రి గారూ, మూడు బావులూ గంటు దగ్గర్నుంచే కొలిచారు కదా?"

"మరి? గంటు గీసింది ఎందుకమ్మా, అందానికా?"

"రెండో బావిది పదకొండు మీటర్ల నలభై అని ఉంది. మిగతావాటితో దీనికి పొసగటం లేదు. ఊరికే అడిగాలెండి. ఇరవై ఎనిమిదో తారీకున నాలుగూ ఒకేరోజు కొలిచేద్దాం."

కొలవనీ, నాకేం? పైపు నేల మీదికి ఎనభై సెంటీమీటర్లు పొడుచుకుని ఉంటుంది. దాని అంచు మీద ఆకురాయితో గంటు గీస్తాం. టేపు లోపలికి వదిలితే నీళ్ళు తగలగానే కుయ్యిమంటుంది. అప్పుడు గంటు దగ్గర ఎంతుందో చూసి రాయాలి. రైతుల బోర్ల దగ్గర అలా కాదు. రైతుకి పైపుతో ఏం పని? నేల నుంచి నీళ్ళెంత లోతులో ఉన్నాయో చెబితే చాలు. అందుకని పైకున్న పైపుని మనసులోనే తీసేసి చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్ళు అలాగే చెప్పాను.

ఇక్కడ అలా చెయ్యలేదు. గంటు నుంచే కొలిచాను.

ఫిబ్రవరి 6

బీపీ 144/92. కూరలో ఉప్పెక్కువైంది.

గంటు నుంచే కొలిచాను.

అక్క ఇంటికి వెళ్ళాను. నీళ్ళిచ్చింది. దాహం లేదన్నాను. నిజంగానే లేదు.

ఫిబ్రవరి 7

కిందటి నెల రెండో బావి కొలిచిన రోజు పూసగుచ్చినట్టు గుర్తుంది. అక్క గోడ పక్కన నించుంది, చేతిలో గరిటె కూడా ఉంది. భోజనానికి రమ్మని అప్పటికి మూడుసార్లు కేకేసింది. టేపు కుయ్యిమంది. "ఎంత లోతురా?" అంది. చెప్పాను. "అబ్బో!" అంది. తర్వాత భోంచేశాను. ఏం కూరో కూడా గుర్తుంది.

ఆ ‘చెప్పాను’ దగ్గర ఏం చెప్పానో, కాగితం మీద ఏం రాశానో, రెండూ ఒకటేనో కాదో, అదొక్కటే సరిగ్గా గుర్తు రావటం లేదు. వయసు మీద పడుతోంది కదా.

ఫిబ్రవరి 9

బీపీ 146/92.

అక్క బలవంతాన కూర్చోబెట్టి భోజనం పెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాక, అన్నం ఏ నీళ్ళతో ఉడికిందో గుర్తొచ్చింది. గుర్తొస్తే ఏమైంది? బాణం అటుంది కదా! ఆకలి చచ్చిపోయిందని లేచాను. నీళ్ళు కూడా వద్దన్నాను.

"మూడు చెంబులు గటగటా తాగేవాడివి, నీకేమొచ్చిందిరా?" అంది.

"డాక్టరు నీళ్ళు తగ్గించమన్నాడు" అన్నాను. ఆ డాక్టరు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాడు.

ఫిబ్రవరి 10

రాళ్ళ డాక్టరుని ఊరికే, మాట వరసకి అడిగాను. "అమ్మా, యురేనియం ఉన్న నీళ్ళు కాచుకుని తాగితే ఏమవుతుంది?"

"కాస్తే క్రిములు చస్తాయి మేస్త్రి గారూ, యురేనియం చావదు. నీళ్ళు ఆవిరైపోతాయి, అది మిగులుతుంది. ఇంకా చిక్కబడుతుంది. ఎవరు తాగుతున్నారు?"

"ఎవరూ తాగటం లేదు. జ్ఞానం కోసం అడిగాను."

"మంచి అలవాటండీ" అంది.

ఫిబ్రవరి 12

బీపీ 150/94.

ఒక్కసారి వెళ్ళి రెండో బావి మూత తీసి టేపు వదిలితే పది నిమిషాల పని. పీడా పోతుంది. వెళ్దామనే అనుకున్నాను గానీ మూత తాళం చెవి కనపడలేదు. ఎక్కడ పెట్టానో ఏమో.

ఫిబ్రవరి 13

టాంకరు డ్రైవరు చెడామడా తిట్టుకుంటూ వచ్చాడు. ఇప్పటిదాకా క్యాంపుకి రోజుకి ఒక ట్రిప్పు నీళ్ళు తెస్తే సరిపోయేది. ఇవాళ్టి నుంచి అక్క వీధికి కూడా ఇంకో ట్రిప్పు తోలాలట. వీధివాళ్ళంతా కలిసి ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారట.

"ఎందుకటా?" అన్నాను.

"బావుల్లో పూడిక తీయిస్తున్నారట. అందరికీ ఒకేసారి వచ్చిందండీ పూడిక! జలుబు వచ్చినట్టు."

ఎవరో చెప్పారు వాళ్ళకి. ఏం చెప్పారో, చెప్పటానికి ఏముందో నాకు తెలియదు గానీ, ఎవరో చెప్పారు.

ఫిబ్రవరి 14

చెప్పగలిగింది ఒక్క రాళ్ళ డాక్టరే. ఉండబట్టలేక వెళ్ళి నిలదీశాను.

"వీధివాళ్ళకి మీరే కదా చెప్పింది?"

"ఏం చెప్పానండీ?"

"అదే."

"ఏది?"

ఆమె భూతద్దం కిందికి దించి, రాతిపొడి పోగుని చూసినట్టే నన్నూ కాసేపు పరకాయించి చూసింది. "మంచినీళ్ళు తాగుతారా మేస్త్రి గారూ? చెమటలు పడుతున్నాయి" అంది.

తాగాను. క్యాంపు నీళ్ళు కదా.

ఫిబ్రవరి 16

పైపుని నేల మట్టానికి కోసేస్తే?

ఫిబ్రవరి 17

కుదరదు. గంటు ఎంత ఎత్తున ఉందో సర్వేయరు ఎప్పుడో కొలిచి రాసుకుపోయాడు. పైపు పొట్టిదైతే ఆ మాత్రం పోల్చుకోలేరా? అయినా కొయ్యటానికి నేనేమన్నా తప్పు చేశానా? నిన్న రాసింది ఉత్తుత్తినే రాశాను.

ఫిబ్రవరి 19

బీపీ 152/96.

అక్క ఇంటికి నా సీసా నేనే పట్టుకెళ్ళాను. అక్క వరండాలో కూర్చోబెట్టి, చెంబు తెచ్చి ఎదురుగా పెట్టింది. అంచు దాకా నింపింది, తొణికేట్టు. నేను నా సీసా మూత తీసి రెండు గుక్కలు తాగాను.

"ఆ సీసాలో ఏముందిరా?"

"నీళ్ళే."

"ఈ చెంబులో ఏముంది?"

"నీళ్ళే."

"మరి ఆ నీళ్ళకి కొమ్ములున్నాయా?"

"డాక్టరు కొలిచి తాగమన్నాడు అక్కా. సీసా అయితే లెక్క తెలుస్తుంది."

"ఓహో" అంది. నవ్వుతోందో, ఎగతాళి చేస్తోందో, ఏడిపిస్తోందో తెలియలేదు. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టి గేదె తొక్కిందని చెప్పినప్పుడు కూడా ఇలాగే ఓహో అంది. చెంబు అక్కడే వదిలేసి వచ్చేశాను. బయల్దేరేటప్పుడు పెరట్లో మొక్కలు చూసి పొమ్మంది. పనుందన్నాను. ఆ బావి మొహం చూడబుద్ధి కాలేదు.

వీధి మలుపు దాటాక ఒకటే ఆలోచన. నేను తాగను, సరే. ఆవిడ తాగుతోంది కదా?

ఫిబ్రవరి 21

నాలుగో బావి పూర్తయింది. గాలి కొట్టి కడిగితే అద్దంలా తేటగా వచ్చాయి నీళ్ళు. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా, ఎంత శుభ్రంగా ఉన్నాయో!" అన్నాను.

"ఉన్నాయండీ" అంది రాళ్ళ డాక్టరు. "చెరువు నీళ్ళు ఇటే వస్తున్నాయని బాణం చెబుతోంది. చెరువువి ఉప్పు నీళ్ళు. ఉప్పుదనం కొలిచి చూస్తే ఆ చెరువు వాసనే తెలియనట్టున్నాయి ఈ నీళ్ళు. మరి చెరువు నీళ్ళు ఎటు పోతున్నాయంటారు?"

నేను రిగ్గు వైపు నడిచాను. రాడ్లు లెక్కపెట్టుకునే పని ఉంది.

ఫిబ్రవరి 22

156/98. డాక్టరు మాత్ర మార్చాడు. ఏమైనా బెంగ ఉందా అని అడిగాడు. ఈ రోజే నా ముఖం చూడాలా ఆయన?

ఫిబ్రవరి 24

తాళం చెవి దొరికింది. రోజూ తొడుక్కునే చొక్కా జేబులోనే ఉంది. రోజూ తగులుతూనే ఉంది.

పొద్దున పదింటికి టేపు తీసుకుని ఒక్కణ్ణే రెండో బావి దగ్గరికి వెళ్ళాను. మూత తీసి వదిలాను. కుయ్యిమంది. గంటు దగ్గర వేలు పెట్టి చూశాను. పన్నెండు మీటర్ల ముప్పై ఒకటి.

ఎండలు ముదురుతున్నాయి కదా, నీళ్ళు దిగి ఉంటాయిలే అనుకున్నాను. నెలలో తొంభై ఒక్క సెంటీమీటర్లు దిగాయని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కాసేపు ఆ మాట మీదే నించున్నాను. తర్వాత కాళ్ళీడ్చుకుంటూ చెరువు గట్టు దగ్గరున్న మొదటి బావికి వెళ్ళి అది కూడా కొలిచాను. అది పదకొండు సెంటీమీటర్లే దిగింది. తొంభై ఒకటిలోంచి పదకొండు పోతే ఎనభై. మళ్ళీ రెండో బావికి వచ్చి పైపు పొడవు కొలిచాను. కొలవక్కర్లేదు, తెలుసు. అయినా కొలిచాను. ఎనభై.

ఆ ఒక్క బావికి పైపు తీసేసి రాశాను. ముప్పై ఏళ్ళ అలవాటు. పక్కన ఓ మనిషి నించుని ఎంత లోతురా అని అడిగేసరికి నాకు బోరు వేయించుకునే రైతే కనపడ్డాడు. నేల నుంచి లెక్కగట్టి చెప్పాను, చెప్పిందే రాశాను. దాంతో అక్క వీధి కింద నీళ్ళు చెరువు దగ్గరి నీళ్ళ కంటే ముప్పై సెంటీమీటర్లు ఎత్తున ఉన్నట్టు కనిపించాయి. నిజానికి యాభై పల్లంలో ఉన్నాయి. బాణం అక్క వీధి వైపే.

చతికిలబడ్డాను అక్కడే, మట్టిలో.

"ఎంత లోతురా?" అని వినిపించింది.

గోడ పక్కన అక్క. ఈసారి గరిటె లేదు.

"పైపుతో కలిపి చెప్పనా, తీసేసి చెప్పనా?" అన్నాను.

"మొన్న తీసేసి చెప్పావు కదరా. పన్నెండు ఇరవై, ఎనభై పోతే అని వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పావు. పదకొండు నలభై. నాకు గుర్తే."

ఇరవై రోజులు నేను నిద్ర మానుకుని గుర్తు తెచ్చుకున్నదంతా ఆవిడ దగ్గర భద్రంగా ఉంది! ఒక్క మాట అడిగితే చెప్పేది.

లోపలికి వెళ్ళాం. అక్క చెంబు తెచ్చి పెట్టింది. ఇక దాచి లాభం లేదని నోరు తెరిచాను. "అక్కా, నువ్వు ఆ బావి నీళ్ళు..."

"ముందు తాగు."

"అది కాదక్కా, ఆ నీళ్ళు..."

"టాంకరువి. తాగరా."

వెర్రిమొహం వేసుకుని చూశాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. బావి మీద రేకు కప్పి ఉంది. రేకు మీద రోలు, రోలు మీద ఇంకో రాయి. గిలక తీసేసి గోడకి ఆనించారు.

"ఆరో తారీకున ఎండలో నడిచొచ్చి, పెదాలు పిడచకట్టుకుపోయి, దాహం లేదన్నావు. పోనీలే అనుకున్నా. తొమ్మిదిన నాలుగు ముద్దలు తిని ఉలిక్కిపడి లేచావు. ఆ పూటే రేకు కప్పించా. వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పా. మా తమ్ముడు మన నీళ్ళు ముట్టటం లేదు, మీరూ ముట్టకండి అని. మూడు రోజులు పై వీధి కొళాయి దగ్గర వరస కట్టాం. తర్వాత టాంకరు అడిగాం."

"పూడిక అన్నారట?"

"మరేమనమంటావు? మేస్త్రికి దాహం వెయ్యటం లేదని అర్జీ రాయమంటావా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నన్ను ఒక్క మాట అడగొచ్చు కదక్కా!"

"అడగలేదా? వచ్చినప్పుడల్లా చెంబు నిండా పోసి నీ ముందు పెట్టి అడిగాను కదరా" అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు. "నువ్వు తాగలేదు, బాగానే ఉంది. నేను తాగుతున్నాననుకుని కూడా ఊరుకున్నావు చూడు, అది మాత్రం బాలేదు."

తల ఎత్తలేకపోయాను. సిగ్గు. ఇంకే పేరూ లేదు దానికి. నాకు తెలియదు తెలియదని ఈ పుస్తకానికి కూడా అబద్ధాలు చెప్పాను. నాకు ఆరో తారీకు నుంచీ తెలుసు.

మూడు చెంబులు తాగాను. అక్క నించుని లెక్కపెట్టింది.

ఫిబ్రవరి 25

రాళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి చెప్పాను. నా చేత్తోనే కాగితం రాసిచ్చాను. రెండో బావి కొలత నేల నుంచి తీశాను, గంటు నుంచి కాదు, పొరపాటు నాదే అని. ఆమె మ్యాపు తెరిచి, పాత బాణం చెరిపి, కొత్తది గీసింది. రబ్బరుతో చెరుపుతుంటే కాగితం చిరిగేలా ఉంది, అయినా చెరిపింది.

"అనుకున్నానండీ. ఇరవై ఎనిమిది కంటే ముందే మీరు వస్తారని కూడా అనుకున్నాను. కాస్త ఆలస్యం చేశారు."

"ఆ బీడులో వేసిన బావి దండగే కదమ్మా?"

"దండగెందుకు? మంచి నీళ్ళంటే ఎలా ఉంటాయో చూపించటానికి ఒక బావి కావాలి కదా. అదుంది." 

ఆఫీసువాళ్ళు మాత్రం అంత తీపిగా మాట్లాడలేదు. మెమో ఇచ్చారు. తీసుకున్నాను. బీపీ చూసుకుంటే 140/90. మెమో ఇచ్చిన రోజున బీపీ తగ్గినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

మార్చి 10

బీపీ 134/84.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. వీధి చివరి మా రెండో బావిలో యురేనియం ఉండాల్సిన దాని కంటే ఎక్కువే ఉంది. అక్క బావిలో ఇంకా హద్దు దాటలేదు. ఇంకా. కానీ వస్తోంది. చెరువు గట్టు కింద ఎక్కడ కారుతోందో వెతకటం మొదలుపెట్టారు. వీధికి పైపు వేసి మంచినీళ్ళు ఇస్తామని రాతపూర్వకంగా ఇచ్చారు. అయిదో బావి అక్క పెరటి గోడ అవతలే. రేపటి నుంచి రిగ్గు మోత భరించాలని చెప్పాను. "నువ్వు పుట్టినప్పట్నుంచీ నిన్ను భరించటం లేదూ?" అంది. బావి మీది రేకు అలాగే ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా అక్క దాని మీద రాలిన ఆకులు ఊడుస్తుంది.

రాళ్ళ డాక్టరు రిపోర్టు రాస్తోంది. అందులో ఒక గడి ఉంది, వీధివాళ్ళు బావి నీళ్ళు తాగటం ఎప్పుడు మానేశారు, వాళ్ళకి ముందుగా హెచ్చరిక చేసింది ఎవరు అని. తారీకు తొమ్మిది అని చెప్పాను. ఎవరు అనే దగ్గర ఆమె కలం ఎత్తి నా వైపు చూసింది. మేస్త్రి గారు అని రాసెయ్యనా అంది. వద్దన్నాను. నేనెవరికీ ఏమీ చెప్పలేదు, అదే కదా నా తప్పు. పోనీ అక్క పేరు రాయిద్దామని సాయంత్రం వెళ్ళి అడిగాను.

"నాకేం తెలుసురా ఆ యురేనియం సంగతి? నా పేరెందుకు?" అంది.

"మరి ఏమని రాయమంటావు?"

చెంబు నా చేతిలో పెట్టింది. నేను తాగేదాకా చూసింది.

"మా తమ్ముడికి చిన్నప్పట్నుంచీ అబద్ధం ఆడటం చేతకాదు అని రాయమను" అంది.

ఆ గడిలో అంత చోటు లేదక్కా అన్నాను.